చార్మినార్ ఆగుతుంది, రూమ్మేట్ ఆగదు

ప్రశ్న: నమస్తే ఆంటీ. నేను పుట్టి పెరిగింది డాలస్‌లో. అమ్మవాళ్లది వనస్థలిపురం, నాన్నవాళ్లది నల్గొండ దగ్గర. మా యూనివర్సిటీ నుంచి ఒక సెమిస్టర్ చదవడానికి జులైలో గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీకి వచ్చాను. నవంబరు నెలాఖరున తిరిగి వెళ్లిపోవాలి. ఇంకా మూడు వారాలే ఉంది. వచ్చిన కొత్తలో ఫోన్‌లో రాసుకున్న ‘చూడాల్సినవి’ లిస్టు సగం కూడా కాలేదు. నాతో వచ్చిన అమెరికా ఫ్రెండ్స్ ఈ వీకెండ్ హంపి, వచ్చే వీకెండ్ గోవా అంటున్నారు. రెండు టర్మ్ పేపర్లు రాయాలి, పరీక్షలూ ఉన్నాయి. ‘పోయేలోపు మా ఇంటికి భోజనానికి రావాలి’ అని బంధువులందరి నుంచీ రోజూ ఫోన్లు. మామయ్య దగ్గరుండే అమ్మమ్మ, వెళ్లినప్పుడల్లా ‘ఈ రాత్రికి ఉండవే’ అంటుంది. అమ్మేమో జాకెట్లు, గాజులు, పచ్చళ్లు అంటూ వాట్సాప్‌లో పెద్ద చిట్టా పంపింది. మా రూమ్మేట్‌ది జగిత్యాల దగ్గర పల్లె. మొదట్లో రెండుసార్లు వాళ్లూరికి రమ్మంటే ‘తర్వాత చూద్దాం’ అన్నాను. ఇప్పుడు నాతో సరిగా మాట్లాడట్లేదు. ఏం చేస్తున్నా ‘ఇదే ఆఖరుసారేమో’ అనిపించి ఏడుపొస్తోంది. ఒక్కోసారి ఇప్పటికే వెళ్లిపోయినట్టు ఉంటోంది. ఈ మూడు వారాలు సంతోషంగా గడపాలంటే ఏం చెయ్యాలి? నాకు తెలుగు రాయడం రాదు. నేను చెబుతుంటే మా మామయ్య కూతురు టైప్ చేసింది.
— పేరు వద్దు, గచ్చిబౌలి

సమాధానం: ఇన్నిటినీ ఒకే సంచిలో కుక్కి మోస్తున్నావు తల్లీ, బరువుండదా మరి? విడదీసి చూద్దాం. ఒక్కోదాని దగ్గరా ఒకటే ప్రశ్న వేసుకో: అయిదేళ్ల తర్వాత పది రోజుల సెలవు మీద చుట్టపుచూపుగా వచ్చినా ఇది నాకు దొరుకుతుందా? దొరుకుతుందంటే నిశ్చింతగా పక్కన పెట్టెయ్. దొరకదంటే ఈ మూడు వారాలూ దానికివ్వు.

చార్మినార్ 1591 నుంచి అక్కడే ఉంది. నువ్వు పెళ్లి చేసుకుని పిల్లలతో వచ్చినా అక్కడే ఉంటుంది. గోల్కొండ కోట ద్వారం కింద చప్పట్లు కొడితే పైన కొండ మీది బాలాహిస్సార్‌లో రేపూ వినిపిస్తాయి. కుతుబ్‌షాహీ సమాధులకు 2013లో మరమ్మతులు మొదలుపెట్టి, పదేళ్లకు పైగా ఓపిగ్గా చేసి 2024లో ముగించారు. ఇంకో అయిదేళ్లకు చూసినా ఆ సున్నం పని నీకోసం అలాగే ఉంటుంది. హంపి 1986లోనే ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది, దానికి నీ తొందర లేదు. ఇక గోవా సంగతి నా దగ్గర ఎత్తకు, సముద్రం మీ టెక్సస్‌కూ ఉంది. నీకు ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చేది) ఉందో లేదో రాయలేదు. ఉంటే వీసా గోల కూడా లేదు, టికెట్ కొనుక్కుని రావడమే.

దొరకనివి వేరే ఉన్నాయి. హాస్టల్లో నీ మంచం డిసెంబరుకల్లా నీది కాదు. మీ క్యాంపస్ గోప్స్ క్యాంటీన్‌లో సాయంత్రం చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడితే నలుగురు తెలిసినవాళ్లు ‘ఏంటి, పేపర్ అయిందా’ అని పలకరిస్తారు చూడు, అది ఆ నలుగురూ అక్కడ ఉన్నన్ని రోజులే. అయిదేళ్లకు వచ్చావనుకో, మెయిన్ గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన ‘ఎవరి కోసమమ్మా’ అని రిజిస్టర్ ముందుకు తోస్తాడు. ఎవరి పేరు రాస్తావు? హైదరాబాద్‌లో స్టూడెంటుగా ఉండటం అనేది నీకు దక్కిన అసలు సంగతి. టూరిస్టుగా ఉండటం ఎప్పుడైనా ఉండొచ్చు. ఉన్న మూడు వారాల్లో శనాదివారాలన్నీ బస్సుల్లో గడిపి, స్టూడెంటుగా ఉండాల్సిన రోజుల్ని టూరిస్టు రోజులుగా మార్చుకుంటావా? పైగా ఆ హంపి జట్టు మీ దేశం వాళ్లే. వాళ్లను అక్కడైనా కలుస్తావు. ఒక సాయంత్రం వాళ్లతో కూర్చుని కడుపునిండా బిర్యానీ తిను, చాలు.

ఇప్పుడు రూమ్మేట్ దగ్గరికి వద్దాం. నీ ఉత్తరంలో అన్నిటికంటే పెద్ద విషయం అదే. నువ్వేమో చివర్లో, గాజులకూ పచ్చళ్లకూ తర్వాత చెప్పావు.

ఆ అమ్మాయి కోపంతో మాట్లాడటం లేదని నా అనుమానం. కోపమైతే ఏదో ఒక రోజు అడిగేసి ఉండేది. విడిపోయే రోజు దగ్గర పడుతుంటే చాలామంది ఇలాగే ముందుగానే ముడుచుకుపోతారు. కొందరు చిన్నదానికీ పెద్దదానికీ గొడవ కూడా పెట్టుకుంటారు, గొడవ పడితే విడిపోవడం కాస్త తేలిక కాబట్టి. ఇంకోటి కూడా ఉంది. వెళ్లేవాళ్లకు ప్రయాణం సందడి ఉంటుంది. సూట్‌కేసులు, షాపింగ్, ఎయిర్‌పోర్టులో అమ్మానాన్నలు. ఉండిపోయేవాళ్లకు అదే గది, అదే కిటికీ, పక్కన పరుపు చుట్టేసిన మంచం. పైసెమిస్టరుకు ఎవరొస్తారో తెలియదు. నువ్వు ఫ్రెండ్స్‌తో హంపి, గోవా అని ఫోన్‌లో మాట్లాడుకుంటున్నావు. మూడడుగుల దూరంలో ఆ పిల్ల వింటూనే ఉంది. వాళ్లూరికి ‘తర్వాత’, హంపికి ‘ఈ వీకెండే’. లెక్క ఎవరికైనా అర్థమవుతుంది.

సారీ చెబుతూ ఉపన్యాసం ఇవ్వకు. అమెరికాలో అలవాటేమో గానీ ఇక్కడ అది ఇద్దరికీ ఇబ్బందిగా ఉంటుంది. ‘ఈ శనివారం మీ ఊరు తీసుకెళ్తావా’ అని అడుగు. అంతే. పరీక్షలున్నాయని తనే వద్దంటే, ‘సరే, అయితే ఆదివారం నాతో బజారుకు రా’ అను. బజారు మీద ఎవరూ అలగరు.

వెళ్లగలిగితే మాత్రం హంపి కంటే ఎక్కువే చూస్తావు. జేబీఎస్‌లో (సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్‌లో) జగిత్యాల బస్సెక్కితే సిద్దిపేట, కరీంనగర్ మీదుగా నాలుగైదు గంటలు. నవంబరు అంటే వానాకాలం వరి కోతల రోజులు. ఊళ్లు దగ్గరపడ్డ కొద్దీ రోడ్డు పక్కంతా వడ్లు ఆరబోసి ఉంటాయి. రాత్రి మంచు పడుతుందని సాయంత్రానికల్లా కుప్ప చేసి టార్పాలిన్ కప్పుతారు, పొద్దెక్కాక మళ్లీ పరుస్తారు. కొనుగోలు కేంద్రం దగ్గర తేమ చూసే చిన్న మిషన్ ఉంటుంది. పిడికెడు గింజలు వేస్తే అంకె చూపిస్తుంది. 17 శాతం దాటిందా, మళ్లీ ఆరబెట్టుకు రమ్మంటారు. ఆ అంకె చూసే రైతు మొహం ఒకసారి గమనించు, ఏ ఎకనామిక్స్ క్లాసులోనూ చెప్పనిది అక్కడ కనిపిస్తుంది. నీ రూమ్మేట్ నాన్నగారు రైతే అయితే ఆయన్ని అడుగు. నీ తెలుగు ఎలా ఉన్నా పరవాలేదు, గంటసేపు చెబుతారు.

ఉత్త చేతులతో వెళ్లకు, పండ్లో స్వీట్లో పట్టుకెళ్లు. వచ్చేటప్పుడు వాళ్లమ్మగారు బొట్టు పెట్టి జాకెట్ గుడ్డో, చీరో చేతిలో పెడతారు. ‘అయ్యో వద్దండీ’ అని మొహమాటపడకు, తీసుకో. అన్నం రెండోసారి వడ్డిస్తే మాత్రం వద్దనొచ్చు. ఎలాగూ వినరు.

బంధువుల భోజనాల మాట. ఒక్కో ఇంటికి ఒక్కో పూట ఇస్తూ పోతే నీ మూడు వారాలు పప్పు, ఫ్రై, పెరుగన్నంలో కలిసిపోతాయి. ఎవరికైనా వద్దన్నావో, ‘వాళ్లింటికి వెళ్లింది, మనింటికి రాలేదు’ అనే మాట పదేళ్లు బతుకుతుంది. కానీ నీకు కాలం కలిసొచ్చింది, ఇది కార్తీకమాసం. వనభోజనాలు పెట్టించు. అందరి ఇళ్లకూ నువ్వు తిరగడం కాకుండా అందరూ నీ దగ్గరికి వస్తారు. మీ మామయ్యగారి పక్కనే మహావీర్ హరిణ వనస్థలి ఉంది కదా, ఒకప్పుడు నిజాములు వేటాడిన అడవి, ఇప్పుడు కృష్ణజింకల పార్కు. ఇంట్లో వండుకుని డబ్బాల్లో పట్టుకెళ్లండి. ప్లాస్టిక్ మాత్రం వద్దు. ఉసిరి చెట్టు కింద తినాలని పెద్దవాళ్లు పట్టుబడితే, చెట్టు దొరక్కపోయినా ఉసిరి కొమ్మ ఒకటి తెచ్చి పెట్టుకుంటారు, దానికీ దారుంది. కార్తీకం కాబట్టి చికెన్ ఉండదు. మీ బాబాయి ఎవరైనా మొహం ముడుచుకుంటే పులిహోర ఎక్కువ వడ్డించండి.

దీన్ని నువ్వు ఏర్పాటు చెయ్యలేవు, చెయ్యాలని చూడకు. ప్రతి కుటుంబంలోనూ ఇలాంటి పనులకు పుట్టిన పెద్దమ్మో మేనత్తో ఒకావిడ ఉంటుంది. ఆమెకు ఒక్క ఫోన్ చెయ్. ‘అందరినీ చూసి వెళ్లాలని ఉంది, అందరి ఇళ్లకూ రావడానికి రోజులు చాలవు, ఏం చెయ్యమంటావు’ అని అడుగు. సలహా అడిగినట్టు అడగాలి సుమా. ఆదివారం, మెనూ, ఎవరు ఏం తేవాలి అన్నీ సాయంత్రానికి తేలిపోతాయి. ఆరోగ్యం బాగాలేక రాలేనివాళ్లు ఒకరిద్దరుంటే వాళ్లింటికి మాత్రం నువ్వే వెళ్లు.

అమ్మమ్మ ఈ లెక్కలోకి రాదు. ఆవిడ భోజనానికి రమ్మనడం లేదు, రాత్రికి ఉండమంటోంది. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ఇన్నాళ్లూ ఆదివారం మధ్యాహ్నం వెళ్లి, తిని, చీకటి పడేలోపు క్యాబ్ ఎక్కి ఉంటావు. పగలంతా ఇంట్లో పదిమంది, టీవీ, కుక్కర్. ఆవిడ మాటలు మొదలయ్యేది అన్నాలయ్యి, లైట్లు ఆర్పాక. మామూలు రోజు, గురువారమో శుక్రవారమో సాయంత్రం వెళ్లు. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే ఎల్‌బీ నగర్ దాకా ఒకటే రైలు, దిగి ఆటో. ఆవిడ పక్కనే పడుకో. మీ అమ్మ చిన్నప్పుడు ఏమేం చేసిందో అడుగు, ఆ సమాచారం డాలస్‌లో ఎన్నిరకాలుగా పనికొస్తుందో నీకే తెలుస్తుంది. పొద్దున్నే లేచి బీరువాలో ఉన్న పాత ఆల్బమ్ తీయించు. ఒక్కో ఫోటోలో ఉన్నవాళ్ల పేర్లు, వరసలు ఆవిడ చెబుతుంటే ఫోటో వెనక పెన్సిల్‌తో రాయి. తెలుగు రాయడం రాదన్నావు కదా, ఇంగ్లిష్‌లోనే రాయి, కొంపేం మునగదు. ఆ బ్లాక్ అండ్ వైట్ మొహాల్లో సగం మంది ఎవరో ఆ ఇంట్లో ఇప్పుడు ఆవిడొక్కదానికే తెలుసు. గోల్కొండ ఆగుతుందని గట్టిగా చెప్పినట్టు అమ్మమ్మ విషయంలో చెప్పలేను. అందుకే ఒక రాత్రి కాదు, రెండు రాత్రులు ఉండు.

ఏడుపు గురించి అడిగావు. రానివ్వు. ‘ఆఖరుసారేమో’ అన్న ఆలోచనను తరిమెయ్యాలని చూస్తున్నట్టున్నావు, అది నీకు శత్రువేం కాదు. జైమీ కర్ట్జ్ అని అమెరికాలో ఒక సైకాలజిస్టు. డిగ్రీ ముగియబోతున్న విద్యార్థుల మీద ఆమె చేసిన పరిశోధన 2008లో అచ్చయింది. కాలేజీ రోజుల గురించి రాయమని వాళ్లకు చెబుతూ, కొందరికి ‘ఇంక చాలా తక్కువ రోజులున్నాయి’ అనీ, కొందరికి ‘ఇంకా బోలెడు సమయముంది’ అనీ అనిపించేలా చేసింది. నిజానికి అందరికీ ఉన్నది ఒకటే సమయం. రెండు వారాల తర్వాత చూస్తే, తక్కువే మిగిలిందనుకున్నవాళ్లు ముందుకంటే సంతోషంగా ఉన్నారు. స్నేహితులతో, క్యాంపస్ పనుల్లో వాళ్లే ఎక్కువ పాల్గొన్నారు. అయిపోతోందని తెలిసినవాడే ఆకు చివరిదాకా తుడుచుకు తింటాడన్నమాట. కాబట్టి రోజులు లెక్కపెట్టుకుంటే తప్పులేదు. లెక్కపెడుతూ గదిలో కూర్చుంటేనే నష్టం. ‘ఇప్పటికే వెళ్లిపోయినట్టుంది’ అన్నావే, అది నాకు ఏడుపు కంటే ఎక్కువ కంగారు. అలా అనిపించినప్పుడు ఫోన్ గదిలో పడేసి మెస్‌కు వెళ్లి, తెలిసినవాళ్లున్న టేబుల్ దగ్గర కూర్చో. ఎదురుగా మనిషి ఉంటే మనసు డాలస్ దాకా పోలేదు.

ఊరు అసలు చూడొద్దని కాదు. కొత్త చోట్లు వద్దంటున్నాను. చూసిన చోటికే రెండోసారి వెళ్లు. సాలార్‌జంగ్ మ్యూజియానికి మొదటిసారి వెళ్లినవాళ్లు అక్కడి గడియారాన్ని చూస్తారు. గంటగంటకూ లోపలి నుంచి గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి వెళ్లేది. రెండోసారి వెళ్తే ఆ గడియారాన్ని చూస్తున్న జనం కనిపిస్తారు. పన్నెండు కావస్తుంటే హాలంతా నిండిపోతుంది. పిల్లల్ని భుజాలకెత్తుకున్న నాన్నలు, ఫోన్లు ముందే ఎత్తిపట్టి చేతులు నొప్పెడుతున్నవాళ్లు, ‘వస్తుంది, వస్తుంది’ అని నిమిషానికోసారి చెప్పే తాతయ్య. బొమ్మ వచ్చేసరికి అందరి మొహాలూ ఒకేలా అవుతాయి. శుక్రవారం సెలవు, గుర్తుంచుకో.

లాడ్‌బజార్‌కు ఎలాగూ అమ్మ గాజుల కోసం వెళ్లాలి. రూమ్మేట్‌ను తోడు తీసుకుని సాయంత్రం రద్దీలో కాకుండా పగటిపూట వెళ్లు. బయల్దేరేముందే అమ్మ సైజు కనుక్కో, ‘రెండు నాలుగా, రెండు ఆరా’ అని. ఇది అడక్కుండా వెళ్లి ఫోటోలు పంపుకుంటూ కూర్చుంటే అక్కడ అమెరికాలో అర్ధరాత్రి. అక్కడి లక్క గాజులకు 2024లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొన్నిచోట్ల ఎదురుగానే చేస్తారు, నిలబడి చూడు. బొగ్గుల సెగ మీద లక్క ముద్దను మెత్తబరిచి, సన్నగా తీగలా సాగదీసి, చుట్టి, రెండు కొసలూ అతికిస్తారు. గాజు వేడిగా ఉన్నప్పుడే రాళ్లు ఒక్కోటీ తీసి అద్దాలి. చల్లారితే రాయి పట్టదు, మళ్లీ సెగకు చూపాలి. చేసేవాళ్ల వేళ్ల కొసలు చూస్తే ఆ తర్వాత బేరం ఆడటానికి నోరు పెద్దగా రాదు. అయినా ఆడు, ఆడకపోతే వాళ్లకే వింతగా ఉంటుంది. అయ్యాక చార్మినార్ పక్కన ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. దీనికి ఎవరూ నీకు చెప్పనక్కర్లేదు.

అన్ని చోట్లూ ఆగుతాయని ఇందాక అన్నాను గానీ అది పూర్తిగా నిజం కాదు. మీ క్యాంపస్‌నే చూడు. పక్కనే ఉన్న కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాల్లో 2025 మార్చి నెలాఖరున బుల్డోజర్లు దిగాయి. ఏప్రిల్లో సుప్రీంకోర్టు ఆపమంది. కోట్ల ఏళ్ల నాటి రాళ్లు, నెమళ్లు, చెరువులు అనుకుంటాం గానీ ఈ ఊళ్లో రాయి కూడా ఎప్పుడు మాయమవుతుందో తెలియదు. జూబ్లీహిల్స్‌లో పాతకాలం వాళ్లను అడుగు. అందుకని పొద్దున్నే ఎండెక్కకముందు మష్రూమ్ రాక్ వైపు నడిచి రా. ఒంటరిగా కాదు, ఇద్దరు ముగ్గురు కలిసి, బూట్లు వేసుకుని. పాములుంటాయి. నెమళ్ల అరుపు ఫోన్‌లో రికార్డు చేసుకో. ఫోటోలు నీ దగ్గర ఇప్పటికే వేలల్లో ఉంటాయి, చప్పుళ్లు ఒక్కటీ ఉండదు. మెస్‌లో స్టీలు ప్లేట్ల మోత, లింగంపల్లిలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు అనౌన్స్‌మెంటు, అమ్మమ్మ గురక కూడా పనికొస్తాయి.

టర్మ్ పేపర్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పొద్దున టిఫిన్ అయ్యాక లైబ్రరీలో కూర్చుని మధ్యాహ్నం భోజనం దాకా రాయి, ఆ తర్వాత ముట్టుకోకు. రోజంతా ‘రాయాలి, రాయాలి’ అనుకుంటూ తిరిగితే పేపరూ రాదు, తిరిగిన సుఖమూ ఉండదు. ఈ పేపర్లు ప్రపంచాన్ని మార్చేవి కావు, పాసైతే చాలు. కానీ సబ్మిట్ చెయ్యకుండా మాత్రం విమానం ఎక్కకు. అక్కడికెళ్లాక ఇక్కడి పేపర్ రాయడం అంత నరకం ఇంకోటి లేదు.

ఆఫీసు పనులు ఈ వారంలోనే తెముల్చుకో. ప్రతి కోర్సు సిలబస్ కాపీ తీసుకో. క్రెడిట్లు బదిలీ చేసేటప్పుడు మీ వాళ్లు ‘ఈ కోర్సులో ఏం చదివావు’ అని అడగొచ్చు. మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్ ఎవరు, ఏ అడ్రసుకు, ఎప్పటికి పంపుతారో ఇంటర్నేషనల్ ఆఫీసులో స్వయంగా వెళ్లి అడుగు. లైబ్రరీ పుస్తకాలు, మెస్ బకాయి, నో డ్యూస్ సంతకాలు చివరి రోజుకు పెట్టుకున్నావో, సంతకం పెట్టాల్సిన మనిషి ఆ రోజే సెలవులో ఉంటారు. నీకు బాగా నచ్చిన ప్రొఫెసర్ ఉంటే గదికి వెళ్లి కాసేపు కూర్చుని, ముందుముందు రికమెండేషన్ లెటర్ కావాల్సొస్తే ఇస్తారా అని ఎదురుగా అడుగు. ఏడాది తర్వాత ఈమెయిల్ పెడితే ఏ అమ్మాయో ఆయనకు గుర్తుండదు.

అమ్మ చిట్టాలో జాకెట్లు ఇవాళే కుట్టడానికివ్వు. రేపు కాదు. పెళ్లి ముహూర్తాల రోజులు, ఏ టైలర్ దగ్గర చూసినా గుడ్డల గుట్టలే. వాళ్లు ‘మంగళవారం’ అంటే ఏ మంగళవారమో అడిగి, నీ ప్రయాణం తారీఖు నిజం తేదీ కంటే వారం ముందుకు చెప్పు. ఈ విషయంలో అబద్ధానికి పాపం లేదు. పచ్చళ్లలో కోడి, మటన్ పచ్చళ్లు వద్దు, అమెరికాలో మాంసం సరుకు రానివ్వరు. పచ్చి కరివేపాకు, పండ్లు కూడా అంతే. సీతాఫలాలు ఇక్కడే తినేసి వెళ్లు, సీజన్ చివరికొచ్చింది. ఆవకాయ, గోంగూరలాంటివి నూనె కారకుండా దుకాణంలోనే సీలు వేయించు. కారప్పొడులు చేతి సంచిలో కాకుండా పెద్ద సూట్‌కేసులో వెయ్. దిగాక అక్కడి ఫారంలో గానీ, అడిగిన ఆఫీసరుతో గానీ తినే వస్తువులున్నాయని దాచకుండా చెప్పు. చెబితే మహా అయితే తీసి పడేస్తారు. దాచి దొరికితే జరిమానా.

సూట్‌కేసులో చోటు కోసం వదిలేసే బకెట్, దిండు, కెటిల్, దుప్పటి ఎవరికి పనికొస్తాయో రూమ్మేట్‌నే అడుగు, తనకు తెలుస్తుంది. చిరిగినవి, పాడైనవి ఎవరికీ ఇవ్వకు. మెస్‌లో రోజూ వడ్డించిన అక్క పేరు ఇప్పటిదాకా తెలుసుకోకపోతే ఇప్పుడైనా అడుగు.

ఇక వెళ్లే రోజు. శంషాబాద్ దాకా రెండు బండ్లలో జనం వస్తామంటారు. టికెట్ లేనివాళ్లను టెర్మినల్ లోపలికి రానివ్వరు కాబట్టి అందరూ బయటే నిలబడాలి. అక్కడ ట్రాలీ ఒకవైపు, కన్నీళ్లు ఒకవైపు, వెనక హారన్లు. ఒక్క మాట కూడా సరిగా చెప్పుకోలేరు. చెప్పాల్సినవాళ్లకు ముందురోజే ఇంటి దగ్గరో హాస్టల్ గదిలోనో తీరిగ్గా చెప్పేసుకో. ఎయిర్‌పోర్టుకు మామయ్య ఒక్కరు చాలు, రూమ్మేట్ వస్తానంటే ఆ పిల్లను మాత్రం వద్దనకు. టికెట్ మీద తారీఖు రెండుసార్లు చూసుకో. ఇక్కణ్నుంచి పోయే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే. 29వ తేదీ తెల్లవారుజామున రెండున్నరకు అని ఉంటే 28 రాత్రి తొమ్మిదింటికే ఇల్లు కదలాలి. ఈ ముక్క మామయ్యకు ఇప్పుడే వాట్సాప్ చెయ్, లేకపోతే 29 సాయంత్రం ఆయన తాపీగా కారు కడిగించుకుని వస్తారు.